సభ్యులకు పని చెప్పండి

కడియం నర్సరీల మొక్కలు లారీలెక్కి దేశమంతటికీ వెళ్తున్నాయి. కరోనా తర్వాత మన నగరాల్లో మిద్దెతోటలు పెరిగాయి, వాటి వెంటే వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపులూ పెరిగాయి. చందా కట్టించుకుని, సమావేశాలూ పూల ప్రదర్శనలూ నడిపే ఉద్యాన సంఘాల్లో మాత్రం కొత్త ముఖాలు అరుదు. బ్రిటన్, అమెరికాల్లోనూ ఒక్కో జాతి మొక్క కోసం ఏర్పడిన చిన్న సంఘాలది ఇదే అవస్థ. ఈ తరానికి ఓపిక లేదని పెద్దలు సరిపెట్టుకుంటున్నారు. ఓపిక లేనివాళ్లు మూడో అంతస్తుకు మట్టి మోయరు.

అసలు కారణం సంఘాల పుట్టుకలోనే ఉంది. 1804లో లండన్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో ఏడుగురు కూర్చుని మొదలుపెట్టిందే నేటి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ. 1820లో విలియం కేరీ కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘం స్థాపించారు. 1835లో మద్రాసులోనూ అలాంటిదే వచ్చింది. మంచి విత్తనం, నమ్మదగిన సలహా దొరకడం గగనమైన రోజులవి. చందా కడితే అవి అందేవి. ఇప్పుడు మందారానికి పిండినల్లి పడితే ఏం చేయాలో ఫోనే చెబుతుంది. ఉచితంగా దొరికేదాన్ని చందాకు అమ్మబోతే కొనేదెవరు?

లండన్ సంఘానికి నేటికీ ఆరు లక్షలకు పైగా సభ్యులున్నారు. సొంత తోటల్లోకి ఉచిత ప్రవేశం, నిపుణుల సలహా, పత్రిక వంటివి చందాకు బదులుగా అందుతాయి. మన జిల్లా కేంద్రంలోని సంఘానికి అలాంటి తోటలూ లేవు, అంత డబ్బూ లేదు. ఆ దారి పట్టలేదు కాబట్టి, ఫోను ఇవ్వలేనిదేమిటో అదే వెతుక్కోవాలి.

ఆకాకరనే తీసుకోండి. తెలంగాణలో బోడకాకర అంటారు. దీనికి ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. విత్తనం వేస్తే పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. తెలిసిన తీగ దుంప తెచ్చి నాటుకోవడమే నమ్మకమైన పద్ధతి. పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉన్నా చాలు, కానీ అది అందుబాటులో ఉండాలి. వంద వీడియోలు చూసినా దుంప రాదు, పక్కవీధి తోటమాలి ఇస్తేనే వస్తుంది. నాటు సొర సంగతీ అంతే. రెండు రకాలు ఒకే మిద్దె మీద పెంచితే తేనెటీగలు, పురుగులు పుప్పొడి కలిపేస్తాయి, మరుసటి ఏడు గింజల్లో రకం చెడుతుంది. ఇరవై రకాలు నిలవాలంటే ఇరవై ఇళ్లు కావాలి. ఎవరి దగ్గర ఏ రకం ఉందో రాసిపెట్టే చిట్టా కావాలి. వాట్సాప్ గ్రూపులో పొద్దున పెట్టిన ఫొటో సాయంత్రానికి అడుగున పడిపోతుంది, అక్కడ చిట్టా నిలవదు. సంఘం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

అందుకే కొత్తగా చేరినవారికి మొదటిరోజే ఒక రకం అప్పగించాలి. దాన్ని కాపాడి, ఏడాది తిరిగేసరికి కొన్ని గింజలు తిరిగివ్వడమే అసలు చందా. సమావేశాలు వేదిక, శాలువా, వందన సమర్పణల నుంచి బయటపడి, ఆదివారం పొద్దున ఎవరో ఒకరి తోటలో జరగాలి. ఒకప్పుడు పెద్ద బంగళాల వాళ్లకే పరిమితమైన పోటీల్లో అపార్టుమెంటు బాల్కనీకీ, మొదటిసారి పెంచినవారికీ వేరే విభాగాలుండాలి. బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు లక్షల మంది వస్తారు. చూసి వెళ్లేవారిలో కొందరినైనా పెంచేవారిగా మార్చుకోలేకపోతే ఏ ప్రదర్శనైనా సంఘానికి మిగిల్చేది టికెట్ డబ్బే. ఫోను గ్రూపులను పోటీగా చూడటం కూడా మానాలి. కొత్త సభ్యులు రావాల్సింది వాటిలోంచే.

పని చెబితే ఉన్న నలుగురూ పారిపోతారన్న భయం సంఘాల పెద్దలకు ఉంటుంది. కొందరు పోవచ్చు కూడా. కానీ తన అవసరం లేని చోట మనిషి ఎలాగూ నిలవడు. తాను మానేస్తే ఒక రకం పోతుందని తెలిసినవాడు అంత తేలిగ్గా మానడు.

సంఘం నమోదుకు మన చట్టం అడిగేది ఏడుగురినే. ఎనిమిదో మనిషి వచ్చినప్పుడు చేతిలో ఉత్త రసీదు పెడతారా, దానితోపాటు ఆకాకర దుంప కూడా పెడతారా అన్నదాన్ని బట్టే తొమ్మిదో మనిషి వస్తాడో రాడో తేలుతుంది.