నూరో రోజు పైసలెవరిస్తారు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు "హాస్టల్ జ్ఞాపకాలు రాయనా సార్?" అని అడిగాను. "అవి అందరూ రాస్తారు. నువ్వు యూనివర్శిటీలో ఏం చేస్తున్నావో రాయి, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. యూనివర్శిటీలో చదువు తర్వాత నేను ఎక్కువ రోజులు చేసిన పని చందాలు వసూలు చేయడం. అందుకని దాని గురించే రాస్తున్నాను. జ్యోతినగర్ హాస్టల్లో ఎనిమిది నుంచి పది వరకు చదువుకుని, ఇంట్లో అందరికన్నా ముందు డిగ్రీ పాసై, ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్న మీ అన్న అభిప్రాయంగా చదవండి తమ్ముళ్ళూ. ఒప్పుకోకపోతే వచ్చే సంచికలో జవాబు రాయండి.

క్రితం ఏడాది మా పీజీ హాస్టల్లో పదకొండు మందిమి కలిసి ఒక పని తలపెట్టాం. మెస్సులో కంచాలు కడిగిన నీళ్ళు వెనక గోడ వెంట పారి మడుగు కట్టేవి. ఆ నీళ్ళను ముందు జిడ్డు తేరే చిన్న తొట్టిలోకి, అక్కడినుంచి కంకర, ఇసుక పోసిన గుంతలోకి, ఆ తర్వాత పైపు వేసి అరటి చెట్లకు మళ్ళించాలని మా ఆలోచన. ఇందులో పెద్ద సైన్సేమీ లేదు. మేస్త్రీ లెక్క వేసి పద్నాలుగు వేలవుతుందన్నాడు.

చందా పుస్తకం అచ్చు వేయించి బజారుకు పోయాం. వినాయక చవితికి అయిదు వందల పదహార్లు రాసే దుకాణాల వాళ్ళే మా పుస్తకం చూసి "మురికి నీళ్ళకు చందా ఏంది తమ్మీ?" అని పదో ఇరవయ్యో చేతిలో పెట్టారు. అప్పుడు కోపం వచ్చింది గాని తర్వాత ఆలోచిస్తే వాళ్ళ తప్పు లేదనిపించింది. దేవుడి చందా ఇస్తే మైకులో పేరు వినిపిస్తుంది, ఇంటికి ప్రసాదం వస్తుంది, నిమజ్జనం రోజు లెక్క చదువుతారు. మేం లెక్క ఎప్పుడు చెబుతామో మాకే తెలియదు. ఇరవై రోజులు తిరిగితే 9,200 వచ్చాయి. ఒక వ్యాపారి 5,000 ఇచ్చారు, తన పేరుతో బోర్డు పెట్టాలన్న షరతు మీద. బోర్డుకే 1,800 అయింది. చాలని పైసలకు మేమే గడ్డపారలు పట్టి గుంత తవ్వి కూలి మిగిల్చాం. ప్రారంభోత్సవం బాగా జరిగింది. ఫొటోల్లో అరటి పిలకల కన్నా బోర్డే ఎత్తుగా కనబడుతుంది.

ఎండాకాలం సెలవులయ్యి తిరిగి వచ్చేసరికి పైపు పూడుకుపోయింది. ప్లంబర్ ఆరు వందలు అడిగాడు. మా దగ్గర పైసా లేదు. మళ్ళీ చందాకు పోవడానికి మొహం చెల్లలేదు. ఆఫీసులో కాగితం ఇస్తే వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు. మేం కూడా పరీక్షలని వదిలేశాం. నీళ్ళు నిలిచి దోమలు ముసిరాయి, పిల్లలు గొడవ చేశారు, ఒకరోజు ట్రాక్టరు మట్టి తెచ్చి గుంత పూడ్చేశారు. పన్నెండు వేల పని ఆరు వందల దగ్గర ఆగిపోయింది. బోర్డు మాత్రం ఇంకా ఉంది.

నాకు అప్పుడు మన హాస్టల్ గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో చేరిన ఏడాదే, 2015 జూలైలో, తెలంగాణకు హరితహారం మొదలైంది. మనం కూడా కాంపౌండ్ గోడ వెంట వరుసగా గుంతలు తవ్వి మొక్కలు నాటాం, పాటలు పాడాం, బూందీ పొట్లాలు తిన్నాం. ఏప్రిల్ వచ్చాక అందరం ఇళ్ళకు పోయాం. రామగుండం ఎండ సంగతి మీకు చెప్పాలా? తిరిగి వచ్చేసరికి గోడ వెంట కట్టెలు మిగిలాయి. చేతులు కడుక్కునే నల్లాల దగ్గర నాటిన వేప ఒక్కటే బతికింది. దానికి నీళ్ళు పోసే మనిషి అక్కర్లేకపోయింది, మనం కడిగిన ప్రతి చెయ్యీ దానికి నీళ్ళు పోసింది.

మొదటి రోజు ఖర్చుకు పైసలు ఎవరైనా ఇస్తారు. రిబ్బను ఉంటుంది, ఫొటో ఉంటుంది, పేపర్లో వస్తుంది. నూరో రోజు ఖర్చు అడిగితే మొహం తిప్పుకుంటారు. ఆరు వందల పైపు రిపేరుకు ఎవరు రిబ్బను కడతారు? విద్యార్థులు క్యాంపస్‌లో పర్యావరణం పేరుతో మొదలుపెట్టే పనుల్లో చాలా వరకు ఇక్కడే చచ్చిపోతాయని నా అభిప్రాయం. మన పక్కనే చూడండి. ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ళ మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. దాదాపు 500 ఎకరాల్లో ఉంది, కట్టడానికి 423 కోట్లయింది. అంత పెద్ద పనిలో పలకలు తుడిచేవాళ్ళ కూలి, కేబుళ్ళు చూసేవాళ్ళ జీతం మొదటి లెక్కలోనే ఉంటాయి. మా పద్నాలుగు వేల లెక్కలో ఆ గీత లేదు. చిన్న పని కదా అనుకున్నాం.

సరే, పైసలు ఎక్కడినుంచి తేవాలి? బయటి దేశాల్లో విద్యార్థులే ఫీజు వేసుకున్న చోట్లున్నాయి. అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్శిటీ విద్యార్థులు 2007లో ఓటింగు పెట్టుకుని, సెమిస్టరుకు ఒక్కొక్కరు అయిదు డాలర్లు పర్యావరణ నిధికి కట్టాలని తీర్మానించుకున్నారు. ఆ నిధికి దరఖాస్తు చేసుకుని విద్యార్థి బృందాలు పనులు చేస్తున్నాయి. వినడానికి బాగుంటుంది, మా క్లాసులో కొందరు మనమూ అట్లే చేద్దామన్నారు. నేను వద్దన్నాను. మన మెస్ చార్జీలు ఎంతో మనకు తెలుసు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నదాన్ని 2024 నవంబరు నుంచి 2,100 చేశారు. అంటే మూడు పూటలకు రోజుకు డెబ్బై రూపాయలు. ఆ పిల్లవాడి దగ్గర పచ్చదనం పేరుతో తప్పనిసరి ఫీజు వసూలు చేయడం న్యాయం కాదు. ఇష్టం ఉన్నవాళ్ళు ఇస్తే అది వేరు.

రెండోది కంపెనీల పైసలు. హైదరాబాద్ మిత్రుడొకడు "బొగ్గు తవ్వేవాళ్ళ దగ్గర, బొగ్గు కాల్చేవాళ్ళ దగ్గర తీసుకుని మొక్కలు నాటుతారా? సిగ్గు లేదా?" అన్నాడు. నేను వాడితో గట్టిగానే కొట్లాడాను. మా బాపు గోదావరిఖని ఓసీపీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. నేను తిన్న అన్నంలో, కొన్న పుస్తకంలో బొగ్గు ఉంది. దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకి రావచ్చు గాని పైసలు మా గుంతలోకి రావద్దా? పైగా అది దయ కూడా కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి, తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. గనుల ప్రాంతాల కోసం 2015లో వచ్చిన సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు కూడా ఏర్పడ్డాయి. తాగునీరు, పర్యావరణం, చదువు వాటి ప్రాధాన్య జాబితాలో ఉన్నాయి. కాబట్టి అడగండి, తల వంచుకోకుండా అడగండి. కాకపోతే ఒక ఇబ్బంది తెలిసి ఉండాలి. పదకొండు మంది పిల్లలు కాగితం పట్టుకుపోతే ఆ పైసలు రావు. కంపెనీ తరఫున పని చేసే సంస్థలు 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదై ఉండాలి. కాలేజీ ద్వారానో హాస్టల్ ద్వారానో పోవాలి. అడిగేటప్పుడు గుంతతో పాటు మూడేళ్ళ మరమ్మత్తు ఖర్చు కూడా అదే కాగితం మీద రాయాలి. మేం రాయలేదు.

ఈ రెండింటికన్నా నాకు నచ్చిన దారి మూడోది. దాన్ని నేను మొదట ఇంగ్లీషు వ్యాసంలో చదివాను. అమెరికాలో హార్వర్డ్ యూనివర్శిటీ 1.2 కోట్ల డాలర్ల నిధి ఒకటి పెట్టుకుంది. కరెంటు, నీళ్ళు ఆదా చేసే పనికి ఆ నిధి నుంచి అప్పు ఇస్తారు. బిల్లులో మిగిలిన పైసలతో అప్పు తీరుస్తారు. తీరిన పైసలు ఇంకో పనికి పోతాయి. చదివి ఎంత గొప్ప ఆలోచన అనుకుని, సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అవ్వకు చెప్పాను. అవ్వ బీడీలు చుడుతూ విన్నది. "గిదేంది బిడ్డా, మా సంఘమే గదా" అన్నది. నిజమే. అవ్వ డ్వాక్రా సంఘంలో నెలనెలా పొదుపు వేస్తారు, ఒకరు అప్పు తీసుకుని బర్రెను కొంటారు, పాలమ్మి తీరుస్తారు, ఆ పైసలు ఇంకొకరి చేతికి పోతాయి. నా ఇంటర్ ఫీజు కూడా ఆ పెట్టెలోనుంచే వచ్చింది. పుస్తకంలో ప్రతి రూపాయికి గీత ఉంటుంది, మీటింగులో గట్టిగా చదువుతారు. సంతకం కష్టంగా పెట్టే ఆడవాళ్ళు నడిపిన పద్ధతిని ఎమ్మెస్సీ చదివే మేం చందా పుస్తకంతో మొదలుపెట్టి ఆగం చేశాం.

మన హాస్టల్‌కే ఒక లెక్క వేసి చూద్దాం. అరవై పాత ట్యూబులైట్లున్నాయనుకోండి. చోకుతో కలిపి ఒక్కోటి యాభై వాట్లు తింటుంది. ఇరవై వాట్ల ఎల్‌ఈడీ వేస్తే ముప్పై మిగులుతుంది. రోజుకు ఆరు గంటలు వెలిగితే అరవై లైట్లకు 10.8 యూనిట్లు, నెలకు 324 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా నెలకు 2,268 రూపాయలు. లైటు 220 చొప్పున మొత్తం 13,200 అవుతుంది. ఆరు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. ఫ్యాన్లు ఖరీదెక్కువ, వాటికి ఏడాదిన్నర పైనే పట్టొచ్చు. ముందు లైట్లే. ఏడో నెల నుంచి మిగిలిన పైసల్లోనుంచి పైపుకు ఆరు వందలు రాలేవా?

ఇక్కడ ఒక చిక్కుంది. బిల్లు హాస్టల్ పిల్లలు కట్టరు, ప్రభుత్వం కడుతుంది. మనం ఆదా చేసిన పైసలు మన దాకా రావు. పిల్లలు లైటు ఆర్పినా ఆర్పకపోయినా వాళ్ళకు పోయేదేమీ లేదు, వచ్చేదేమీ లేదు. "లైట్లు ఆర్పండి" అని గోడ మీద రాస్తే సరిపోతుందనుకోవడం అందుకే అమాయకత్వం. నేను అడిగేది ఇది. ఒక హాస్టల్ బిల్లు క్రితం ఏడాదికన్నా ఎంత తగ్గితే అందులో సగం ఆ హాస్టల్ ఖాతాలోనే వదిలిపెట్టాలి. వార్డెన్ సార్, మెస్ కమిటీ నుంచి ఇద్దరు పిల్లలు కలిసి సంతకం పెడితేనే తీయాలి. బియ్యం తూకం రాసే నోటీసు బోర్డు మీదే దాని లెక్క కూడా రాయాలి. ప్రభుత్వానికి ఒక్క రూపాయి కొత్త ఖర్చు లేదు, సగం మిగులు కూడా దానికే. ఇంత చిన్న ఉత్తర్వు ఇవ్వడానికి కష్టమేమిటో పెద్దలు చెప్పాలి.

ఉత్తర్వు వచ్చేదాకా ఊరికే కూర్చోలేం కాబట్టి, మా బ్యాచ్ వాళ్ళం మొదటి అరవై లైట్ల పైసలు పోగుచేస్తున్నాం. ఈసారి బోర్డు లేదు. ఎవరెంత ఇచ్చారో, ఏం కొన్నామో వార్షికోత్సవం రోజు స్టేజీ మీద చదువుతాం. దానికి ముందు మీరొక పని చేసి పెట్టాలి. లైట్లు మార్చకముందు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో తెలియకపోతే ఎంత మిగిలిందని ఎవరికి చూపిస్తాం? ఒక నోటుబుక్కు తీసి, ప్రతి ఆదివారం పొద్దున ఒకే టైముకు మీటర్ దగ్గరికి పోండి. తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన కేడబ్ల్యూహెచ్ అని వచ్చినప్పుడు ఉన్న అంకె రాసుకోండి. తారీఖు వేయండి, చూసినవాళ్ళు సంతకం పెట్టండి. ఎనిమిదో తరగతి వాళ్ళకు అప్పగిస్తే మంచిది, వాళ్ళు ఇంకా మూడేళ్ళు ఉంటారు.