సూదికి జంట

2014లో అంబాసిడరు కార్ల తయారీ ఆగిపోయింది. ఉన్నవాటిని కాపాడుకోవడమే మా బోటి వాళ్ల పని. ఏళ్లు మీదపడ్డ డీజిలు బండి నల్లటి పొగ వదులుతూ, టకటకలాడుతూ వుంటే, ముందు ఇంజెక్టర్ల సంగతి చూడాలి. మా బండికి నాలుగున్నాయి. వాటిని యింట్లోనే విప్పి శుభ్రం చేస్తాను.

ఇంజెక్టరు కొసన నాజిలు, దాని లోపల సన్నని సూది. ఈ రెండూ జంటకవుల వంటివి. ఒకదానికొకటి నూరి సరిపెట్టినవి గనుక, ఒక నాజిలు సూదిని మరొక నాజిలులో పెట్టకూడదు. అందుకే నాలుగు గిన్నెల్లో డీజిలు పోసి, ఏ జంటను ఆ జంటగా వుంచుతాను. మసి తీయడానికి ఇత్తడి బ్రష్షు వాడాలి. గరుకు కాగితం తగలనివ్వరాదు. శుభ్రపడిన సూది తన బరువుకు తానే నాజిలులోకి జారాలి. తిరిగి బిగించేటప్పుడు రాగి వాషరు కొత్తది వేయాలి.

తుంపర పరీక్ష మాత్రం డీజిలు పంపుల షాపుకే వదిలేస్తాను. నూరు వాతావరణాలకు మించిన ఒత్తిడితో వచ్చే ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే. మొదట నొప్పి కూడా అంతగా వుండదు. తాత్సారం చేస్తే వేలే తీసేయవలసి రావచ్చు. తగిలిందంటే క్షణం ఆగక ఆస్పత్రికి వెళ్లాలి.

ఆ తుంపరేదో యింట్లోనే చూపించమని మావాడి గోల. ఆ ఒక్క పాఠం మాత్రం నేను చెప్పను.