మగ్గము బిడ్డలకు కంప్యూటరు, సంగీతము పరాయివా?

ప్రతి సంవత్సరము జూను మాసమున పాఠశాల తెరచిన వారము దినములలో కొందరు తండ్రులు మా గదికి వత్తురు. వారు రాత్రి పాళి ముగించుకొని, తలపై దూది నలుసులు ఉండగనే వచ్చినవారు. వారడుగునది బదిలీ పత్రము. "సారూ, మా పిల్లగాడు కంప్యూటర్ నేర్వాలె. తెలుగుల ఉంటే ఏమొస్తది? ఇంగ్లీషు బడిల ఎయ్యాలె" అని వినయముగనే చెప్పుదురు. ఈ మాటలో అహంకారము లేదు. పన్నెండు గంటలు సాంచెల నడుమ నిలిచిన మనుష్యునికి తన బిడ్డ అట్లు నిలువరాదను కోరిక మాత్రమే ఉన్నది. ఆ కోరికను మేము గౌరవించుచున్నాము. కాని దానికి వారు చూపు కారణము సరియైనది కాదని ఈ వ్యాసమున మనవి చేయదలచినాము.

తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు రెండు తలుపులు మూయబడి యున్నవని మన వాడలో ఒక నమ్మకము కలదు. ఒకటి కంప్యూటరు విద్య. అది ఇంగ్లీషు వచ్చినవారిది. రెండవది ఉన్నత సంగీతము; అది తీరిక గలవారిది. మా అభిప్రాయము వేరు. ఈ రెండింటికిని భివండి నేతగాని బిడ్డ హక్కుగల వారసుడు. ఆ తలుపుల తాళపుచెవి నేడు ప్రతి ఇంటిలోను ఫోను రూపమున పడియున్నది. దానిని తిప్పుట తెలియకపోవుటయే మన లోపము.

మొదట కంప్యూటరు మాట. మన ఊరి సాంచెలలో పెక్కు సాదా గుడ్డను నేయునవే. అయినను జాకార్డు అట్టలను గూర్చి వినని నేతకుటుంబము అరుదు. ఫ్రాన్సు దేశమున లియోన్ పట్టణములో ఒక నేతగాని కుమారుడైన జోసెఫ్ మేరీ జాకార్డు 1804 ప్రాంతమున ఆ సాధనమును రూపొందించెను. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి చొచ్చును. దానికి చేరిన కొక్కెము పడుగు పోగును పైకెత్తును. రంధ్రము లేనిచోట పోగు క్రిందనే ఉండును. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. అట్టలన్నియు దండగా కుట్టబడి తిరుగుచుండగా పూవు మరల మరల వచ్చును. రంధ్రము కలదు, రంధ్రము లేదు అను రెండు మాటలతోనే పూవంతయు వ్రాయబడినది. కంప్యూటరు లోపల ఒకటి, సున్న అను రెండు గుర్తులు చేయు పనియు ఇదియే. యంత్రమునకు వరుస తప్పక ఆజ్ఞలు వ్రాసియిచ్చుటనే నేడు ప్రోగ్రామింగు అనుచున్నారు.

ఇది మా కల్పన కాదు. ఇంగ్లండున ఛార్లెస్ బాబేజి తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకై జాకార్డు అట్టలనే ఎంచుకొనెను. ఆయన తన ఇంట జాకార్డు చిత్రపటము నొకదానిని ఉంచుకొనెను. అది రంగులతో గీసినది కాదు. సుమారు 24,000 అట్టలతో పట్టుపై నేసినది. ఆ యంత్రము పూర్తి కాలేదు గాని, దానిని గూర్చి 1843లో ఏడా లవ్‌లేస్ అను విదుషీమణి ప్రచురించిన వివరణలు నిలిచినవి. జాకార్డు మగ్గము పూవులను ఆకులను నేయునట్లు ఈ యంత్రము బీజగణితమును నేయునని ఆమె వివరించెను. స్వరముల మధ్యగల సంబంధములను నియమములుగా వ్రాయగలిగినచో యంత్రము సంగీతమును గూడ కూర్చగలదని ఆమె ఊహించెను. మగ్గము, గణనము, సంగీతము ఈ మూడును ఒకే చోట కలిసిన ఘట్టమది. మగ్గము వద్ద పుట్టిన విద్య మగ్గము బిడ్డకు పరాయిది ఎట్లగును?

"అంతయు ఇంగ్లీషులోనే కదా?" అని కొందరు ప్రశ్నింతురు. ఇంగ్లీషు అక్కరలేదని మేము చెప్పము. పై చదువులలో అది తప్పక కావలెను. మా విద్యార్థులు దానిని శ్రద్ధగా నేర్వవలెను. కాని పైథాన్ అను ప్రోగ్రామింగు భాషలో ప్రత్యేకముగా కేటాయించిన పదములు నేడు 35 మాత్రమే. వేమన పద్యములను కంఠస్థము చేసిన బిడ్డకు అవి ఎంత? ఆ భాషను 1991లో వెలువరించిన గైడో వాన్ రోసమ్ మాతృభాష డచ్చి. రూబీ అను మరియొక భాషను 1995లో వెలువరించిన యుకిహిరో మత్సుమోతో జపానువాడు. వీరు ఇంగ్లీషు పదములను వాడుకొనిరి. అందుకొరకు తమ భాషలను విడువలేదు. ఆజ్ఞల వరుసను ఆలోచించుట బుద్ధి చేయు పని. బుద్ధి మొదట నడక నేర్చునది తల్లి భాషలోనే. ఆ సంగతి నెరిగియే 1956లో మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చి, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు వసతి కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు విధించిరి.

ఇచ్చట మా దోషమునొకదానిని ఒప్పుకొనవలెను. మేము వరంగల్లున ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాడు తెలుగు ఉపాధ్యాయునికి వ్యాకరణము, ఛందస్సు చాలునని తలచితిమి. కంప్యూటరు గణితోపాధ్యాయుని పని అని చేతులు దులుపుకొంటిమి. రెండేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో గణవిభజన చెప్పుచుండగా వెనుక బల్లపై ఒక బాలుడు ఫోను చూచుచు కనబడెను. ఆటలాడుచున్నాడని తలచి మందలించి ఫోను తీసికొంటిమి. సాయంకాలము వాని తండ్రితోపాటు తెరచి చూడగా అది ఆట కాదు. తెలుగులో చెప్పిన కంప్యూటరు పాఠము. వాని నోటు పుస్తకమున లఘువునకు సున్న, గురువునకు ఒకటి వేసి, మూడక్షరముల గణములు ఎనిమిదింటిని వరుసగా వ్రాసియున్నాడు. "సారూ, రెండు గుర్తులు మూడుసార్లు మారితే ఎనిమిదే వస్తయి. మీరు చెప్పిందీ, ఇందుల చెప్పిందీ ఒక్కటే" అనెను. ఇరువదియేండ్లు య-మ-త-ర-జ-భ-న-స గణములను వల్లె వేయించిన మాకు ఆ మాట తట్టలేదు. మరునాడు తరగతి యెదుట వానికి మా తప్పు చెప్పుకొంటిమి.

ఆ బాలుడు వినుచుండినది పవాయిలోని ఐ.ఐ.టి. బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ అను పాఠమాల. ఒక్కొక్క పాఠము పదినిమిషముల ప్రమాణమున ఉండును. తెరపై చేయుచు చూపుదురు. విని, ఆపి, ప్రక్కనే తానును చేయవచ్చును. రుసుము లేదు. ఒకసారి దించుకొన్నచో అంతర్జాలము లేనప్పుడును చూడవచ్చును. అన్నియు తెలుగులో లేవు గాని, తెలుగు గొంతుతో చెప్పినవి ఆరంభమునకు చాలును. మన పాఠ్యపుస్తకములను పూనా బాలభారతివారు తమ అంతర్జాల గ్రంథాలయమున ఉచితముగా ఉంచిరి. పుస్తకము చినిగినదను సాకు ఇక చెల్లదు.

ఇక సంగీతము. కేంబ్రిడ్జిలో సామ్ ఏరన్ అను ఆయన 2012లో సోనిక్ పై అను సాధనమును బాలుర కొరకు నిర్మించెను. ఇది ఉచితము, మన పాఠశాలలోని కంప్యూటరుపై నడచుచున్నది. దీనికి ముఖ్యముగా రెండు మాటలు తెలిసిన చాలును: 'ప్లే' అనగా పలుకుము, 'స్లీప్' అనగా ఆగుము. స్వరమునకు ఒక అంకె. షడ్జమము 60 అనుకొన్నచో రిషభము 62, గాంధారము 64, పంచమము 67, ధైవతము 69, పై షడ్జమము 72. ఈ వరుస వ్రాసి మీట నొక్కగనే మోహనరాగపు ఆరోహణ వినబడును. ఎనిమిదిసార్లు తిరుగుమని వ్రాసినచో ఆదితాళపు ఆవర్తము లెక్కకు వచ్చును. మొదటిసారి అది వినబడిన దినమున పిల్లలు బల్లలపై తాళము వేసిరి.

వెంటనే ఒక బాలిక, "సారూ, పాట లెక్క లేదు, మిషను లెక్క ఉంది" అనెను. ఆమె చెప్పినది సత్యము. మోహనము కేవలము అయిదు అంకెలు కాదు. స్వరమునకు స్వరమునకు నడుమ ఊగు గమకమే దాని ప్రాణము. అపుడు త్యాగరాజస్వామివారి 'నను పాలింప' కీర్తనను ఫోనులో వినిపించితిమి. అంకెలు ఎంతవరకు పోగలవో, మనుష్యుని గొంతు ఎచ్చట మొదలగునో బిడ్డలకు ఆ గంటలో తెలిసినది. యంత్రము నేర్చుటయు, సంగీతము వినుటయు ఒకదానికొకటి శత్రువులు కావు.

త్యాగరాజస్వామి (1767–1847) తమిళదేశమున తిరువయ్యారున నివసించి తెలుగున పాడెను. నేడు తమిళులు, కన్నడిగులు, సముద్రములు దాటిన వారి బిడ్డలు ఆ తెలుగును అక్షరమక్షరము నేర్చి పాడుచున్నారు. వారు కష్టపడి సంపాదించు భాష మన పిల్లల నోట ఊరక ఉన్నది. దానిని మనము బదిలీ పత్రముతో వదిలించుకొనుచున్నాము! ఇంతకంటె చోద్యమేమున్నది?

అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. రాగి చెడలేదు; పాట మాత్రము శతాబ్దములపాటు లోకమునకు దూరమయ్యెను. ఇరువదవ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగు పండితులు శ్రమించిన పిదప అది మరల వెలుగు చూచినది. భద్రపరచుట వేరు, వినుట వేరు. నేడు మన జేబులోని ఫోనులో లెక్కలేనన్ని కచేరీలు అందుబాటున ఉన్నవి. విననిచో అవియు చీకటిగదిలోని రాగిరేకులే.

జాజు సంగీతమును గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. ఇది దొరల విందుసంగీతమని పెద్దలు కొందరు తలంతురు. అది పుట్టినది అమెరికాలో, బానిసలుగా ప్రత్తిచేలలో చాకిరిచేసిన నల్లజాతివారి సంతతి నడుమ. ఆ ప్రత్తికిని మన నూలుకును చుట్టరికము లేకపోలేదు. న్యూ ఆర్లియన్స్ నగరమున 1901లో జన్మించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యమున బొగ్గు అమ్మి పొట్టపోసికొన్నవాడు. ఈ సంగీతము మనకు పొరుగునే ఉన్న బొంబాయికి ఎన్నడో వచ్చినది. 1935లో లియాన్ అబీ బృందము తాజమహలు హోటలులో వాయించెను. వ్రాసియుంచిన దానిని దాటి అప్పటికప్పుడు కల్పించి వాయించుట జాజునకు జీవము. మన కల్పనస్వరములకును అదియే జీవము కదా! పాలకొల్లులో 1969లో పుట్టిన తెలుగుబిడ్డ మాండలిన్ శ్రీనివాస్ జాజు గిటారు విద్వాంసుడైన జాన్ మెక్‌లాఫ్లిన్ ప్రక్కన 'రిమెంబర్ శక్తి' బృందమున వాయించి లోకమును మెప్పించెను. 2014లో ఆయన దివంగతుడైనను ఆ వాదనము అంతర్జాలమున వినవచ్చును. అమెరికాలో 1923కు పూర్వపు ధ్వనిముద్రణములు 2022 జనవరి 1 నుండి ప్రజల ఉమ్మడి సొత్తైనవి. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమువారు అట్టి పాత రికార్డులను అనేకము ఉచితముగా వినిపించుచున్నారు.

ఫోను వలన కీడు లేదని మేము వాదింపము. అరనిమిషపు చిత్రములను వ్రేలితో త్రోయుచు అర్ధరాత్రి దాటించు బిడ్డలను మేమెరుగుదుము. వారు ఉదయము తరగతిలో నిద్రపోవుచున్నారు. కావున మా సూచన ఇది. దినమునకు అరగంట; అదియు తల్లిదండ్రులలో ఒకరి యెదుట. పావుగంట ఒక పాఠము, పావుగంట ఒక కీర్తన లేక ఒక వాదనము. కార్ఖానా నుండి వచ్చిన తండ్రికి కూడ ఆ కీర్తన విశ్రాంతి నిచ్చును.

ఇంకొక మాట. మన ఇండ్లలో ఫోను కుమారుని చేతికి పోవును, కండెలు చుట్టుట కుమార్తె చేతికి వచ్చును. ఏడా లవ్‌లేస్ స్త్రీ యని మరువరాదు. మోహనములో గమకము లేదని కనిపెట్టినది బాలికయే. అరగంట ఆమెకును దక్కవలెను. ఫోను దొరకని పిల్లలకై శనివారము మధ్యాహ్నము పాఠశాల కంప్యూటరు గదిలో మేము కూర్చుండెదము.

పాఠశాలగా మనము చేయవలసినది గూడ కలదు. ఈ సంవత్సరము తొమ్మిది, పది తరగతులవారు ప్రోగ్రామింగు పదములకు తెలుగు వివరణలతో ఒక చిన్న పదకోశము వ్రాయవలెను. మరల మరల తిరుగు ఆజ్ఞల వరుసను మేము 'ఆవర్తము' అంటిమి. పిల్లలు 'అట్టల దండ' అనిరి. వారి మాటయే బాగున్నది. ఇచ్చట చదివి పూనాలోను, హైదరాబాదులోను కంప్యూటరు ఉద్యోగములు చేయుచున్న పూర్వ విద్యార్థులు ఏడాదికొక పాఠమును తెలుగులో చెప్పి పంపినచో మాతృ పాఠశాల ఋణము కొంత తీరును.

బదిలీ పత్రమునకై వచ్చు తండ్రులకు మా విన్నపము ఒక్కటే. సంతకము చేయుటకు మాకు అభ్యంతరము లేదు. ఆ హక్కు మీది. కాని ముందొక శనివారము బిడ్డతో వచ్చి మా ప్రక్కన కూర్చుండుడు. వాడు వ్రాసిన ఆజ్ఞలను తెరపై చూడుడు; మోహనరాగమును వినుడు. మీ తాతలు పడుగు పేకలతో నేర్చిన విద్యయే అచ్చట వేరొక రూపమున కనబడును. పిదప మీ నిర్ణయము మీరు గైకొనుడు.