ఎగిరేది గాలిలో, దిగేది నేల మీద

నగరాల్లో ట్రాఫిక్ భరించలేక జనం ఎగిరే టాక్సీలు కోరుకుంటున్నారన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. కోరుతున్నది ఏ జనం? మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

2023 నవంబరులో ఇంటర్‌గ్లోబ్ సంస్థ, అమెరికాకు చెందిన ఆర్చర్ కంపెనీ కలిసి ఒక పథకం ప్రకటించాయి. ఢిల్లీ కన్నాట్ ప్లేస్ నుంచి గురుగ్రామ్‌కు రోడ్డు మీద గంట, గంటన్నర పట్టే ప్రయాణాన్ని 7 నిమిషాల్లో ముగిస్తామన్నాయి. అందులో పైలట్ కాక ఎక్కేది నలుగురే. ఒక సిటీ బస్సు ఒక్క ట్రిప్పులో మోసే జనాన్ని చేరవేయాలంటే అది పదిసార్లకు పైగా ఎగరాలి. దీనితో రద్దీ తగ్గదు. కొద్దిమంది ఆ రద్దీ నుంచి తప్పించుకుంటారు, అంతే.

తెలంగాణలో 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేయగానే బస్సులు కిక్కిరిసిపోయాయి. జనం డిమాండ్ అంటే అది. దానికి తగినన్ని బస్సులు వేయడం పాలకుల మొదటి పని.

కంపెనీలు సొంత డబ్బుతో ప్రయోగాలు చేసుకుంటే మనకు అభ్యంతరం లేదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను ఆస్పత్రికి చేర్చడానికైతే స్వాగతిస్తాం కూడా. కానీ ఈ కంపెనీలు చివరికి ప్రజాధనం వైపే చూస్తాయి. జర్మనీలో లిలియం అనే కంపెనీ అప్పుకు ప్రభుత్వ హామీ అడిగింది. అది దక్కకపోవడంతో 2024లో దివాలా తీసింది.

డబ్బు తర్వాత భూమి. గాలిలో ఎగిరేదేదైనా దిగడానికి నేల కావాలి. ఎంత కావాలో పైవాళ్లు చెప్పే లెక్కను మనం భోగాపురంలో చూశాం. 2015లో విమానాశ్రయానికి మొదట 15 వేల ఎకరాలన్నారు. రైతులు ఎదురు తిరిగాక ఆ లెక్క తగ్గుతూ తగ్గుతూ 3 వేల ఎకరాల లోపుకు వచ్చింది. అడగకపోతే మిగతా భూమి కూడా 'అవసరం' కిందే పోయేది.

మన అవసరాలు మాత్రం ఏ సర్వేకీ ఎక్కవు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు నడిపి, పండ్లు, కూరగాయల రవాణా ఛార్జీలో సగం రాయితీ ఇచ్చారు. అలాంటి రైళ్లు ఏటా పంట చేతికొచ్చే వేళకు ఉండాలని రైతు అడిగితే అది డిమాండ్ కాదా?

అందుకే మనం కోరేది ఇది. ఎగిరే టాక్సీలకు ప్రజాధనం గానీ, ప్రభుత్వ భూమి గానీ ఇచ్చే ముందు ఎందరికి ఉపయోగమో లెక్క బయటపెట్టాలి. రైతు భూమి తీసుకోవాల్సి వస్తే 2013 భూసేకరణ చట్టం చెప్పిన సామాజిక ప్రభావ అధ్యయనం, ప్రభుత్వ–ప్రైవేటు ప్రాజెక్టుకైతే 70 శాతం, ప్రైవేటుదైతే 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి తప్పనిసరిగా ఉండాలి. ఊరికి బస్సు, సరుకుకు రైలు, పొలానికి బాట వచ్చాకే ఆకాశం సంగతి చూద్దాం.