కాలవలు కట్టేయని ప్లాను

మా ముక్తేశ్వరంలో పొద్దున్నే ఎవడైనా పరిగెడుతుంటే, కోటిపల్లి వెళ్ళే పంటు తప్పిపోతోంది కాబోలు అనుకుంటారు. ఈ వేసవిలో ఇంటి నుంచి పని చేసుకుంటానని ఊరొచ్చి ఏటిగట్టు మీద పరుగు మొదలెడితే, మా మావయ్య "ఏరా, ఎవరన్నా తరుముతున్నారా?" అన్నాడు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లని చెప్పాను. ఆయన నమ్మలేదు.

అసలు కథ రెండేళ్ళ కిందటిది. అప్పుడు హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చాను. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ముందు ఎక్సెల్ షీటు తయారైంది. పదహారు వారాలు, రంగురంగుల గళ్ళు, ఫార్ములాలు. తొమ్మిదో వారానికి ఆఫీసులో రిలీజ్ వచ్చిపడింది. పది రోజులు బూట్లు ముట్టుకోలేదు. తప్పిపోయిన కిలోమీటర్లన్నీ బ్యాక్‌లాగ్‌లో వేసుకుని, ఒక్క ఆదివారం 28 కిలోమీటర్లు లాగించేశాను. ఆయాసం రాలేదు, గొప్పగా అనిపించింది. మర్నాడు కాలు నేల మీద ఆనలేదు. మోకాలి కింద ఎముకలో సన్నటి చీలిక అన్నారు. మారథాన్ రోజున నేను సోఫాలో ఉన్నాను.

ఇదంతా విని మావయ్య ఒకటే అడిగాడు. "వారం నీళ్ళూ ఒక్కరోజే పెట్టేత్తే చేను తాగుద్దేంట్రా? కుళ్ళిపోద్ది."

నాకు అర్థం కానిది ఇదే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలకీ, స్నాయువులకీ నెలలు పడుతుంది. అంచేత "ఆయాసం లేదు కాబట్టి ఇంకాస్త పరిగెడదాం" అన్న లెక్క తప్పు. మన లీవులు క్యారీ ఫార్వర్డ్ అవుతాయేమో గానీ, పరుగులు అవ్వవు. తప్పిపోయింది తప్పిపోయినట్టే.

ఈసారి షీటులో ముందు విశ్రాంతి రోజులు నింపి, తర్వాతే కిలోమీటర్లు వేశాను. ఓ మామూలు వారం ఇలా ఉంటుంది: సోమవారం పూర్తి సెలవు. మంగళవారం 7, శనివారం 7, పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా. గురువారం 8, అందులో మధ్య 4 మాత్రం వేగంగా. ఆదివారం 16, అదీ నెమ్మదిగానే. బుధ, శుక్రవారాల్లో గుంజీళ్ళు, మునివేళ్ళ మీద లేవడాలు. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం తగ్గించాలి. అన్నిటికన్నా పొడవైన పరుగు, ఓ 30 కిలోమీటర్లు, అసలు రోజుకి మూడు వారాల ముందే అయిపోవాలి. తర్వాత తగ్గించుకుంటూ రావడమే.

"ఇంత నెమ్మదిగానా?" అనకండి. స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు మేటి క్రీడాకారుల శిక్షణని గమనించి చెప్పింది కూడా ఇదే: వాళ్ళ సెషన్లలో పదింట ఎనిమిది దాకా తేలికవే. మనమేమో ప్రతిరోజూ వాట్సాప్ గ్రూపులో పెట్టుకోడానికి పరిగెడతాం.

ఈ ప్లానులో ఒక లోటుంది, ఒప్పుకుంటాను. కోనసీమలో ఎత్తుపల్లాలు లేవు. హైదరాబాద్ ఫ్లైఓవర్లకి ఏటిగట్టు సరిపోదు. అందుకే చివరి ఆరు వారాలు అక్కడికెళ్ళిపోయి చేస్తాను. ఉక్కపోతకి మాత్రం మా ఊరే చాలు, ఆయ్.

దాళ్వా కోతలయ్యాక మా గోదావరి కాలవలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, గట్లు బాగుచేస్తారు. నీళ్ళు లేని ఆ రోజుల్ని ఎవరూ దండగ అనరు. అవి లేకపోతే సార్వాకి నీళ్ళు చివరి చేలదాకా వెళ్ళవు. నా మొదటి ప్లానులో కాలవలు కట్టేసే రోజే లేదు. ఆ మాటకొస్తే మన ఉద్యోగాల్లో మాత్రం ఉందంటారా?