పాదవైద్యానికి రిజిస్టరు తెరవాలి

పామూరు చుట్టుపక్కల కంది చేలో నడిచేవారికైనా, సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చేవారికైనా అరికాల్లో ముల్లు దిగడం కొత్త కాదు. మామూలు మనిషి అక్కడే కూలబడి పిన్నీసుతో తీసుకుంటాడు. సుగరుతో పాదాలు మొద్దుబారిన మనిషికి ముల్లు దిగిన సంగతే తెలియదు. అది లోపలే ఉంటుంది, అతను దాని మీదే నడుస్తుంటాడు. చీము పట్టి, వాసన వచ్చి ఇంట్లోవాళ్లు గమనించేసరికి రోజులు గడిచిపోతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కట్టు, ఆ తరువాత కనిగిరి, అదీ దాటితే పామూరుకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఒంగోలు. అంత దూరం వెళ్లాక చాలామంది విషయంలో సర్జన్ తేల్చవలసింది వేలు తీయాలా, కాలు తీయాలా అన్నదే.

ఈ కష్టాన్ని మొదట్లోనే ఆపగల వృత్తి ఒకటుంది. దాని పేరు పోడియాట్రీ, అంటే పాదవైద్యం. భారత పార్లమెంటు చేసిన చట్టంలోనే ఈ వృత్తి పేరు ఉంది. దానికి చదువు, పరీక్ష, రిజిస్ట్రేషను, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం, ఈ నాలుగూ ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడాలి. ఆ పని పశ్చిమ ప్రకాశం నుంచే మొదలవ్వాలి. ఇది ఈ పత్రిక డిమాండు.

2021 మార్చిలో జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది. ఫిజియోథెరపిస్టు, ల్యాబ్ టెక్నాలజిస్టు, డైటీషియన్ వంటి యాభైకి పైగా వృత్తులను పది విభాగాలుగా అందులో చేర్చారు. ఆ జాబితాలో పోడియాట్రిస్టు కూడా ఉన్నారు. రాష్ట్రాలు ఆరు నెలల్లో తమ కౌన్సిళ్లను ఏర్పాటు చేయాలని, అర్హులను రిజిస్టరులో నమోదు చేయాలని చట్టం చెప్పింది. మూడేళ్లు గడిచినా పని సాగకపోవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రెండు నెలల్లో కౌన్సిళ్లు ఏర్పడాలని కేంద్రాన్ని, రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. పేరును జాబితాలో అచ్చు వేసినంత మాత్రాన వృత్తి పుట్టదు. మన దేశంలో పాదాల పుండ్లు చూసే నిపుణుల్లో ఎక్కువమంది ఎంబీబీఎస్ తరువాత సర్జరీనో మధుమేహ వైద్యమో చదివి, ఆపైన ఫెలోషిప్పు చేసినవారు. చెన్నై రాయపురంలోని ఎం.వి. మధుమేహ ఆసుపత్రి, కొచ్చిలోని అమృత ఆసుపత్రి వంటి చోట్ల ఈ పని ఉన్నత స్థాయిలో జరుగుతోంది. కానీ పాదవైద్యం కోసమే ప్రత్యేకంగా ఒక డిగ్రీ చదువు మన దేశంలో ఇంకా నిలదొక్కుకోలేదు. చదివినవారు లేకపోతే రిజిస్టరులో ఎవరి పేరు రాస్తారు?

అవసరం మాత్రం కొండంత ఉంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయని లెక్క తేల్చింది. మధుమేహులకు జరిగే కాలు తీసివేతల్లో నూటికి ఎనభైకి పైగా ఒక చిన్న పుండుతోనే మొదలవుతాయని వైద్యశాస్త్రం చెబుతోంది. పుండును ఆపితే కాలు నిలుస్తుంది. ఆపడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అరికాలికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూసే సన్నని నైలాన్ పోగు ఒకటి, ఒక ట్యూనింగ్ ఫోర్కు, పాదం మీద నాడి చూసే అలవాటు, ఆనెకాయను శుభ్రంగా చెక్కే నేర్పు, ఒత్తిడి పడని చెప్పు సూచించే జ్ఞానం ఉంటే చాలు.

మన ప్రాంతానికి ఇంకో కష్టం ఉంది. కనిగిరి, పామూరు పరిసరాల్లో తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయినవారు ఎందరో ఉన్నారు. సుగరు ఉన్నవారు రోజూ తమ అరికాళ్లు తామే చూసుకోవాలని డాక్టర్లు చెబుతారు. నడుము వంగని మనిషి తన అరికాలు ఎలా చూసుకుంటాడు? అతని తరఫున చూసే మనిషి తప్పక ఉండాలి.

ఆ మనిషి లేని చోట ఇప్పుడు ఏం జరుగుతోంది? మందుల షాపులో కార్న్ క్యాప్ కొని ఆనెకాయ మీద అంటిస్తున్నారు. అందులోని యాసిడ్ మొద్దుబారిన చర్మాన్ని తినేసి కొత్త పుండు చేస్తుంది. బ్లేడుతో కోయించుకునేవారు కొందరు, పసరు కట్టించుకునేవారు కొందరు. ఎవరినీ నిందించి లాభం లేదు, ఎందుకంటే అందుబాటులో ఉన్నది అదే.

బ్రిటన్‌లో పోడియాట్రిస్టు అన్న పేరును చట్టం కాపాడుతుంది. ఆరోగ్య, సంరక్షణ వృత్తుల కౌన్సిల్ రిజిస్టరులో లేనివారు ఆ పేరు పెట్టుకోవడం నేరం. అమెరికాలో డిగ్రీ తరువాత నాలుగేళ్ల పాదవైద్య కళాశాల, జాతీయ బోర్డు పరీక్షలు, మూడేళ్ల రెసిడెన్సీ, ఆపైన రాష్ట్ర లైసెన్సు. అక్కడివారు శస్త్రచికిత్సలు కూడా చేస్తారు. మనకు ఆ పద్ధతి యథాతథంగా అక్కర్లేదు. కత్తి పట్టే ముందు చదువు, చదువు తరువాత పరీక్ష, తప్పు చేస్తే రిజిస్టరు నుంచి తొలగింపు అన్న నియమం మాత్రం తప్పనిసరి.

సర్జన్లు ఉండగా వేరే వృత్తి ఎందుకని కొందరు అడుగుతారు. సర్జన్ చేతికి వచ్చేసరికే ఆలస్యమైపోతోందన్నది మన బాధ. పుండు పడకముందు వంద పాదాలు చూసే తీరిక ఆయనకు లేదు. పట్టాలిస్తే నకిలీ వైద్యులు పెరుగుతారని ఇంకొందరి భయం. నిజానికి రిజిస్టరు లేనప్పుడే ఎవరైనా బోర్డు పెట్టగలరు. ఉన్నప్పుడు రోగి అడిగి తెలుసుకోగలడు, అధికారి చర్య తీసుకోగలడు. అందుకే కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సులకు లైసెన్సు ఇచ్చే ఏ ప్రయత్నాన్నయినా ఈ పత్రిక వ్యతిరేకిస్తుంది. ఆరోగ్యసంరక్షణ వృత్తినిపుణులకు చట్టం పెట్టిన 3,600 గంటల కనీస చదువులో ఒక్క గంట కూడా తగ్గకూడదు.

మొద్దుబారిన పాదాన్ని కాపాడటం దక్షిణ భారతానికి తెలియని విద్య కాదు. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల కాళ్లు గమనించి, నొప్పి తెలియక పదేపదే తగిలే గాయాలే వారి పాదాలను పాడుచేస్తున్నాయని నిరూపించారు. మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు ఆ కృషిలో నుంచి వచ్చినవే. కుష్ఠు నివారణ కార్యక్రమం కింద అటువంటి చెప్పులను ప్రభుత్వమే ఇస్తోంది. అదే మొద్దుబారడం సుగరు వల్ల వస్తే ఆ చెప్పు ఎందుకు దక్కకూడదు?

ప్రభుత్వం చేయవలసిన పనులు స్పష్టంగా ఉన్నాయి. రాష్ట్ర కౌన్సిల్ పోడియాట్రిస్టుల రిజిస్టరు తెరిచి, అర్హతలు ప్రకటించాలి. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ చదువులు నడుపుతున్న డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పాదవైద్యంలో డిగ్రీ ప్రారంభించాలి. మార్కాపురం వైద్య కళాశాలను పీపీపీలో నడపాలా, ప్రభుత్వమే నడపాలా అన్న వివాదం ఎలా తేలినా, అక్కడ పాదాల విభాగం, ఈ చదువుకు సీట్లు ఉండి తీరాలి. మొదటి బ్యాచి బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఈలోగా కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒకరోజు పాదాల ఓపీ పెట్టి, నర్సులకు శిక్షణ ఇవ్వాలి. గ్రామాల్లో బీపీ, సుగరు చూసే ఏఎన్ఎంలు రోగి చెప్పు విప్పించి అరికాలు కూడా చూసి నమోదు చేయాలి. ఈ శిక్షణ వారికి పాదవైద్యుల హోదా ఇవ్వదు, ప్రమాదాన్ని గుర్తించి పైకి పంపే బాధ్యత మాత్రమే ఇస్తుంది.

కాలు పోయిన కూలీ ఇంట్లో కూలి పోతుంది, పిల్లల చదువు ఆగుతుంది, అప్పు మిగులుతుంది. ఆ నష్టంతో పోలిస్తే ఈ వ్యవస్థకయ్యే ఖర్చు చాలా తక్కువ. చట్టం వచ్చింది, సుప్రీంకోర్టు ఆదేశమూ వచ్చింది. ఇక ఆలస్యానికి రాష్ట్ర ప్రభుత్వమే జవాబుదారీ. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం శాసనసభ్యులు రాబోయే సమావేశాల్లో ఈ రిజిస్టరు ఎప్పుడు తెరుస్తారని ఒకే గొంతుతో అడగాలి. తేదీ చెప్పించుకునే దాకా వదలకూడదు.