విరిగిన దూలం

ఇంగ్లండు పటంలో ఈశాన్యపు కొసకు చూపు సారించండి. న్యూకాజిల్ నగరానికి ఉత్తరంగా, సముద్రానికి కాస్త ఎడంగా న్యూ హార్ట్లీ అనే చిన్న గ్రామం ఉంది. చుట్టూ పల్లపు నేల, పొలాలు, ఎప్పుడూ వీచే సముద్రపు గాలి. చూడవచ్చిన యాత్రికుణ్ణి కట్టిపడేసే కొండలు గాని, లోయలు గాని అక్కడ లేవు. ఆ ఊరి కథంతా నేల కిందనే ఉంది.

అక్కడి జమీందార్లు డెలవాల్ వంశస్థులు. బొగ్గును ఓడల కెక్కించడానికి వాళ్ళు సముద్రతీరాన సీటన్ స్లూయిస్ వద్ద 900 అడుగుల పొడవున రాతిని తొలిపించి, 1764లో ఓడలకు కొత్త దారి తెరిచారు. లోతు 52 అడుగులు! యంత్రాలు లేని రోజుల్లో అది సామాన్యమైన పని కాదు. ఓడలకు దారి కావాలంటే కొండనైనా తొలిచిన సీమలో, మనుషుల దారి గురించి మాత్రం ఆలోచన ఆలస్యంగా వచ్చింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

1844లో పాత హార్ట్లీ గనిలోకి నీరు పొంగి పని ఆగిపోయింది. మరుసటి ఏడు కొంచెం లోపలి వైపున హెస్టర్ పిట్ అనే కొత్త గని తవ్వడం మొదలుపెట్టారు. దాని చుట్టూ వెలిసిన ఇళ్ళే న్యూ హార్ట్లీ. గనికి ఉన్నది ఒకే నుయ్యి. వెడల్పు 12 అడుగులు, లోతు 600 అడుగులు. నడుమ నిలువునా చెక్కల గోడ కట్టి, ఒక పక్క నుంచి మంచి గాలి లోపలికీ, రెండో పక్క నుంచి చెడుగాలి పైకీ పోయేట్టు చేశారు. మనుషులు దిగేదీ, బొగ్గు వచ్చేదీ, నీళ్ళు తోడేదీ అంతా ఆ నూతిలోనే. రెండో నుయ్యి తవ్వరాదా అని మా పెద్దమ్మాయి అడిగింది. తవ్వవచ్చును. ఖర్చవుతుంది!

నీళ్ళు తోడే ఆవిరి యంత్రానికి 42 టన్నుల పోత ఇనుప దూలం ఒకటి నూతి మీదుగా ఊగుతూ ఉండేది. 1862 జనవరి 16న, ఉదయం పదిన్నర వేళ, అది నడిమికి విరిగింది. సగం ముక్క నూతిలో పడి, చెక్కల గోడను నుగ్గు చేసి, దారి మొత్తం పూడ్చివేసింది. సరిగ్గా పనివాళ్ళు మారే సమయం; దిగినవాళ్ళూ, ఎక్కవలసినవాళ్ళూ ఇద్దరూ లోపలే. పైకి వస్తున్న తొట్టిలోని ఎనిమిది మందిలో ముగ్గురే బతికారు.

తక్కినవాళ్ళ కోసం ఆరు రోజులు రాత్రింబవళ్ళు శిథిలాలు తొలిచారు. నూతి చుట్టూ తల్లులూ, భార్యలూ చలిలో నిలబడి ఉన్నారు. దారి దొరికేసరికి లోపల ఒక్క ప్రాణీ లేదు. విషవాయువు అంతకు ముందే అందరినీ నిద్రపుచ్చింది. తండ్రుల పక్కన కొడుకులు. ఒకరి జేబుపుస్తకంలో, అందరం కలిసి ప్రార్థన చేశామని రాసి ఉంది. మొత్తం మృతులు 204 మంది, పిల్లలతో సహా. కొన్ని ఇళ్ళలో మగదిక్కే మిగలలేదు. అంతకు నెల ముందే భర్తను పోగొట్టుకున్న విక్టోరియా రాణి ఆ స్త్రీలకు సానుభూతి సందేశం పంపింది. ఎర్స్‌డన్ చర్చి ఆవరణ చాలక, పక్క నేల కలుపుకొని సమాధులు తవ్వారు.

అదే సంవత్సరం పార్లమెంటు చట్టం చేసింది: ప్రతి బొగ్గుగనికీ రెండు దారులు ఉండి తీరాలి. దేశమంతా కన్నీరు పెట్టుకున్నాక గాని ఆ ఒక్క వాక్యం చట్టంలోకి ఎక్కలేదు! సింగరేణి ప్రాంతపు పాఠకులకు ఇది పరాయి సంగతి కాదు. గనికి రెండు దారులుండాలన్న నియమం మన దేశపు గనుల నిబంధనల్లోనూ ఉంది. వాళ్ళ గోదావరిఖని పేరులోని 'ఖని' మాటే మన నోట 'గని' అయింది.

ఆ గని బొగ్గు ఆగిపోవడంతో సీటన్ స్లూయిస్ ఓడల వ్యాపారమూ అణగారింది. నార్తంబర్లండులో మిగిలిన చివరి లోతు గని ఎల్లింగ్టన్ కూడా 2005లో మూతబడింది. ఇప్పుడు న్యూ హార్ట్లీలో హెస్టర్ పిట్ ఉన్నచోట ఒక చిన్న తోట ఉంది. అందులో పూడ్చిన నూతి అంచు ఇంకా కనిపిస్తుంది.